దోమ గుడ్లు అప్పగించిన వైద్యుడు

ఎల్లో ఫీవర్‌ను దోమ మోసుకొస్తుందని కనిపెట్టింది ఎవరు అన్న ప్రశ్నకు ఇప్పటికీ రెండు జవాబులు వినిపిస్తాయి. అమెరికా పాఠ్యపుస్తకాలు చాలాకాలం సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ పేరు చెప్పాయి. క్యూబాలో బడిపిల్లలు సైతం కార్లోస్ ఫిన్లే పేరు చెబుతారు. ఒకరి పక్షాన నిలబడి రెండోవారిని తక్కువ చేయడం తేలిక. నూరేళ్లకు పైగా సాగిన వాదంలో ఎక్కువ భాగం అలాగే నడిచింది. అయితే ‘కనిపెట్టడం’ అనే ఒక్క మాట కింద అనుమానించడం, నిరూపించడం, ఆచరణలో పెట్టడం అనే వేర్వేరు పనులు కలగలిసిపోయాయి. ఆ చిక్కు విప్పాలంటే ఫిన్లే జీవితాన్ని మొదటి నుంచి చూడాలి. ఎందుకంటే ఆయన కీటకాల మీద ఆసక్తితో దోమ దగ్గరికి చేరినవారు కారు. రోగికీ ఆరోగ్యంగా ఉన్న మనిషికీ నడుమ ఎవరూ పట్టించుకోని మూడోది ఏదో ఉందని, దాన్ని తొలగిస్తే ఊరు బతుకుతుందని నమ్మిన వైద్యుడు ఆయన.

ముందుగా ఆ జబ్బు సంగతి. తెలుగులో పచ్చజ్వరం అని కూడా రాసే ఎల్లో ఫీవర్ ఆఫ్రికా నుంచి బానిసల ఓడలతో పాటు కరీబియన్ దీవులకు చేరింది. ఉన్నట్టుండి జ్వరం, నడుము నొప్పి, తలపోటు మొదలై మూడు నాలుగు రోజులు వేధిస్తాయి. తర్వాత ఒకటి రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది. కొందరు అక్కడితో కోలుకుంటారు. మిగిలినవారికి కళ్లు, ఒళ్లు పచ్చబడి, చిగుళ్ల నుంచి రక్తం కారి, కడుపులో కారిన రక్తం నల్లటి వాంతిగా బయటికి వస్తుంది. స్పానిష్‌లో ఆ జబ్బుకు ‘నల్ల వాంతి’ అన్న పేరే ఉండేది. హవానాలో పుట్టి పెరిగినవారిలో చాలామందికి చిన్నతనంలోనే తేలికగా వచ్చిపోయేది గనుక మళ్లీ సోకేది కాదు. కొత్తగా ఓడ దిగిన సైనికులు, నావికులు, వలస కూలీలు మాత్రం గుంపులు గుంపులుగా చనిపోయేవారు. 1802లో సాన్ డొమింగ్‌లో, అంటే నేటి హైతీలో, తిరుగుబాటు చేసిన బానిసలను అణచడానికి నెపోలియన్ పంపిన సైన్యాన్ని తుడిచిపెట్టిన వాటిలో ఇది ముఖ్యమైనది. 1878లో మిసిసిపీ నదీలోయలో సుమారు 20,000 మందిని బలి తీసుకుంది. అందులో దాదాపు 5,000 మంది ఒక్క మెంఫిస్ నగరంవారే.

కార్లోస్ ఫిన్లే 1833 డిసెంబరు 3న క్యూబాలోని ప్వెర్తో ప్రిన్సిపెలో జన్మించారు. ఆ ఊరిని ఇప్పుడు కమగ్వే అంటారు. తండ్రి స్కాట్లండ్ నుంచి వచ్చిన వైద్యుడు, తల్లి ఫ్రెంచి మూలాలున్న కుటుంబానికి చెందినవారు. పదకొండేళ్లకు ఫ్రాన్స్‌లో చదువుకు పంపితే అక్కడ కొరియా అనే నరాల జబ్బు చేసి ఇంటికి తిరిగి వచ్చారు. దానివల్ల నాలుకకు పట్టిన నత్తి జీవితాంతం ఆయనను పూర్తిగా వదలలేదు. 1855లో ఫిలడెల్ఫియాలోని జఫర్సన్ వైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకున్నారు. అక్కడ ఆయనకు పాఠం చెప్పిన జాన్ కెర్స్‌లీ మిచెల్, జ్వరాలకు కారణం కంటికి కనబడని జీవులేనని పాశ్చర్, కోఖ్‌ల కంటే ముందే వాదించిన అరుదైన అధ్యాపకుడు. ఆ పాఠం శిష్యుడి మనసులో నాటుకుంది.

ఫిన్లే ఆలోచన తీరు తొలిసారి స్పష్టంగా కనబడేది దోమల విషయంలో కాదు, కలరా విషయంలో. 1867-68లో హవానాలో కలరా చెలరేగినప్పుడు ఆయన నివసించే సెరో పేటలో ఏయే ఇళ్లలో మనుషులు జబ్బు పడుతున్నారో ఒక్కొక్కటిగా గుర్తించుకుంటూ పోయారు. జబ్బు పడిన ఇళ్లు సాన్హా రియాల్ అనే, పైన మూత లేని పాత కాలువ నీటిని వాడుకునేవి. రోగి నుంచి ఇంకొకరికి జబ్బును చేరవేస్తున్నది గాలి కాదు, ఆ నీరే అని ఆయన నిర్ధారణకు వచ్చి, జనాన్ని హెచ్చరించడానికి హవానాలోని పెద్ద పత్రిక ‘దియారియో దె లా మరీనా’కు లేఖ రాశారు. స్పెయిన్ వలస ప్రభుత్వపు సెన్సారు దాన్ని అచ్చు కానివ్వలేదు. కాలువను తప్పుపట్టడమంటే అధికారులను తప్పుపట్టడమే అయింది. ఎవరి ఇంట్లోనో ఆ నీళ్లు ముంచుకుంటున్నారని తెలిసీ చెప్పే దారి లేని వైద్యుడి స్థితి ఎంత దుర్భరమో ఊహించవచ్చు.

ఆయన పొరపాట్లనూ దాచకూడదు. పచ్చజ్వరానికి కారణం గాలిలోని క్షారగుణమని ఆయన 1860లలో ప్రతిపాదించి, ఏళ్ల తరబడి హవానా గాలిని కొలుస్తూ గడిపారు. అది తప్పుదారి. ఆ దారిని వదిలించింది 1879లో హవానాకు వచ్చిన అమెరికన్ వైద్య బృందం. మెంఫిస్ విషాదం తర్వాత అమెరికా జాతీయ ఆరోగ్య మండలి ఆ బృందాన్ని పంపితే, వారికి తోడుగా ఉండమని స్పానిష్ గవర్నర్ ఫిన్లేను నియమించారు. చనిపోయినవారి కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు రక్తనాళాల లోపలి పొర దెబ్బతిన్నట్టు ఆయన గమనించారు. అక్కడి నుంచి తర్కం వేగంగా నడిచింది. జబ్బు రక్తనాళం లోపలే ఉంటే, దాన్ని ఒకరి నుంచి ఇంకొకరికి చేర్చేది కూడా రక్తనాళం లోపలికి చేరగలిగేదై ఉండాలి. రోగికి దగ్గరుండి సేవ చేసినవారికి జబ్బు రావడం లేదు. వీధి అవతల, రోగిని చూడనైనా చూడనివారికి వస్తోంది. చలి పడితే ఆగిపోతోంది, ఎత్తయిన ప్రదేశాలకు ఎక్కడం లేదు. వెచ్చని పల్లపు ప్రాంతాల్లో ఇంటింటా తిరుగుతూ, రక్తనాళంలో సూది దించగలది ఏది?

1881 ఫిబ్రవరి 18న వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సమావేశంలో ఆయన ఆ పేరు ఇంకా బయటపెట్టలేదు. జబ్బు వ్యాపించడానికి మూడు కావాలని మాత్రం చెప్పారు: ముందుగా ఒక రోగి, ఆ జబ్బు సోకడానికి వీలున్న మరో మనిషి, ఈ ఇద్దరితోనూ సంబంధం లేకుండా స్వతంత్రంగా ఉంటూ జబ్బును చేరవేసే మూడో వాహకం. ఈ వాక్యం విలువ అర్థం కావాలంటే అప్పటి వాదాన్ని గుర్తుచేసుకోవాలి. ఒక వర్గం జబ్బు మనిషి నుంచి మనిషికి అంటుకుంటుందనేది, ఇంకో వర్గం మురికి నుంచీ చెడుగాలి నుంచీ పుడుతుందనేది. ఇద్దరి దగ్గరా తమకు అనుకూలమైన ఉదాహరణలు ఉన్నాయి, ఎదుటివారి ఉదాహరణలకు జవాబు లేదు. ఫిన్లే చెప్పిన మూడో వాహకంతో ఆ వాదమే అనవసరమైపోతుంది. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా గొప్ప క్షణం ఇదే, దోమ పేరు చెప్పిన రోజు కాదు.

ఆ పేరు చెప్పిన రోజు 1881 ఆగస్టు 14. హవానాలోని వైద్య, భౌతిక, ప్రకృతి శాస్త్రాల అకాడమీలో ఆయన చదివిన వ్యాసం, ఇవాళ మనం ఈడిస్ ఈజిప్టై అంటున్న ఆడదోమను, దాని తొండాన్నీ, గుడ్లు పెట్టే తీరునూ, ఒకసారి రక్తం తాగి అది అరిగాక మళ్లీ కుట్టే అలవాటునూ వర్ణించి, పచ్చజ్వరాన్ని మోసేది ఇదేనని ఊహిస్తున్నానని ముగుస్తుంది. సభ మౌనంగా విని లేచిపోయింది. అవహేళన తర్వాత మొదలైంది, చాలా ఏళ్లు సాగింది.

ఊహించి ఊరుకోలేదాయన. ఆ వేసవిలోనే ప్రయోగాలు మొదలుపెట్టి, స్పెయిన్ నుంచి వచ్చిన సహచర వైద్యుడు క్లాడియో డెల్గాడోతో కలిసి 1900 వరకు వందమందికి పైగా మనుషులను దోమలతో కుట్టించారు. పద్ధతి సరళమైనది. గాజు గొట్టంలో దోమను పట్టి, దూదితో మూసి, దాని మూతిని రోగి చేతి మీద బోర్లించి రక్తం తాగనిచ్చేవారు. కొన్ని రోజులకు అదే గొట్టాన్ని ఆరోగ్యవంతుడి చేతి మీద ఆనించేవారు. కుట్టించుకున్నవారు ప్రధానంగా కొత్తగా దిగిన స్పానిష్ సైనికులు, కొందరు క్రైస్తవ సన్యాసులు. కొద్దిగా సోకితే తేలికపాటి జ్వరం వచ్చి ముందుముందు రక్షణ కలుగుతుందని ఫిన్లే ఆశ. కొందరికి జ్వరం వచ్చింది, చాలామందికి ఏమీ కాలేదు.

ఇక్కడే చిక్కుముడి ఉంది. ఆయన సరిగ్గానే ఊహించినా ఎందుకు నిరూపించలేకపోయారు? రెండు కారణాలు. ఒకటి, ప్రయోగాలు జరిగింది హవానాలో. ఊరంతా ఆ దోమలే ఉన్నచోట ఎవరికైనా జ్వరం వస్తే అది గొట్టంలోని దోమ వల్ల వచ్చిందో, పడకగదిలోని దోమ వల్ల వచ్చిందో చెప్పలేం. విమర్శకులు ఈ మాట అన్నారు, అది న్యాయమైన విమర్శే. రెండోది కాలానికి సంబంధించినది, ఇదే అసలు కీలకం. రోగి రక్తంలో ఆ సూక్ష్మజీవి జబ్బు మొదలైన తొలి మూడు రోజులే దోమకు అందేలా ఉంటుంది. దోమ కడుపులోకి వెళ్లాక అది వృద్ధి చెంది లాలాజల గ్రంథులకు చేరడానికి సుమారు పన్నెండు రోజులు పడుతుంది. ఫిన్లే తన దోమలను ఎక్కువగా రెండు నుంచి ఐదారు రోజులకే వాడేవారు. దోమ ఒంట్లో జబ్బు ‘పండాల్సి’ ఉంటుందని ఆయనకు తట్టలేదు. తొండానికి అంటిన రక్తమే జబ్బును మోస్తుందని అనుకున్నారు. పైగా 1880లలో ఒక బాక్టీరియాను ఈ జబ్బుకు కారణమని ప్రకటించి, దాన్ని అమెరికన్ శాస్త్రజ్ఞుడు జార్జ్ స్టెర్న్‌బర్గ్ తోసిపుచ్చడంతో ఫిన్లే మాటకున్న విలువ మరింత తగ్గింది.

ఆ పన్నెండు రోజుల తాళంచెవి దొరికింది మిసిసిపీ రాష్ట్రపు పల్లెల్లో. 1898లో ఆర్వుడ్, టేలర్ అనే చిన్న ఊళ్లలో పచ్చజ్వరం వచ్చినప్పుడు హెన్రీ రోజ్ కార్టర్ అనే ఆరోగ్యాధికారి విసిరేసినట్టు దూరదూరంగా ఉన్న రైతుల ఇళ్ల లెక్క తీశారు. తొలి రోగి జబ్బు పడిన కొత్తలో ఆ ఇంటికి వెళ్లి వచ్చినవారికి ఏమీ కాలేదు. రెండు వారాలు గడిచాక వెళ్లినవారు జబ్బు పడ్డారు, అప్పటికి రోగి కోలుకున్నా, చనిపోయినా సరే. అంటే రోగి కాదు, ఇల్లే ప్రమాదకరంగా మారుతోంది, అందుకు రెండు వారాలు పడుతోంది. కార్టర్‌కు దోమ సంగతి పట్టలేదు, ఫిన్లేకు రెండు వారాల సంగతి తెలియదు.

ఈ రెండు సగాలూ 1900లో హవానాలో కలిశాయి. అప్పటికి క్యూబా అమెరికా సైనిక పాలనలో ఉంది. వాల్టర్ రీడ్, జేమ్స్ కారొల్, జెస్సీ లాజియర్, క్యూబాలో పుట్టిన అరిస్టిడెస్ అగ్రమోంటె సభ్యులుగా సైనిక వైద్య సంఘం ఒకటి జూన్‌లో వచ్చి, మొదట బాక్టీరియా కోసం వెతికి విసిగి, ఆగస్టు మొదట్లో ఫిన్లే ఇంటికి వెళ్లింది. అప్పటికి ఆయన వయసు 66 ఏళ్లు. పందొమ్మిదేళ్లుగా ఎవరూ లక్ష్యపెట్టని తన సిద్ధాంతాన్ని తెలుసుకోవడానికి వచ్చిన ఆ బృందానికి ఆయన తన వ్యాసాలతో పాటు దోమ గుడ్లు కూడా ఇచ్చారు. నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అంటుకుని ఉండే నల్లటి, చుట్ట ఆకారపు నలుసులవి. నెలల తరబడి ఎండి ఉన్నా నీరు తగలగానే పొదుగుతాయి. ఇన్నేళ్ల శ్రమను కొత్తవారి చేతిలో పెట్టడానికి ఆయన షరతు పెట్టలేదు, వెనుకాడలేదు. లాజియర్ ఆ గుడ్లను పొదిగించి, పిల్లలను లార్వాల నుంచి దోమలయ్యేదాకా పెంచారు.

ఆగస్టు 27న కారొల్ తన చేతిని ఒక దోమకు అప్పగించారు. అది పన్నెండు రోజుల కిందట ఒక రోగి రక్తం తాగిన దోమ. ఆయన ప్రాణం మీదికి వచ్చి బతికి బయటపడ్డారు. లాజియర్ కూడా దోమ కాటుకు గురై, సెప్టెంబరు 25న నల్ల వాంతితో చనిపోయారు. ఆయనకు 34 ఏళ్లు. ఆ తర్వాత రీడ్ ఊరికి దూరంగా ఒక శిబిరం కట్టించి దానికి లాజియర్ పేరు పెట్టారు. ఒక గుడిసెలో ముగ్గురు మనుషులు, చనిపోయిన రోగుల వాంతితో, మలంతో అట్టలు కట్టిన దుప్పట్ల మీద 20 రాత్రులు పడుకున్నారు. ఒక్కరికీ జబ్బు రాలేదు. రెండో గుడిసెను సన్నని తీగల తెరతో రెండు భాగాలు చేశారు. దోమలున్న వైపు పడుకుని కుట్టించుకున్న వ్యక్తికి క్రిస్మస్ రోజున జ్వరం వచ్చింది. తెరకు ఇవతల అదే గాలి పీల్చినవారు క్షేమంగా ఉన్నారు. ఫిన్లే చేయలేకపోయినది ఇదే: అనుమానానికి తావులేని పోలిక.

ఈ ప్రయోగాల్లో పాల్గొన్న పేద స్పానిష్ వలసదారులకు 100 డాలర్ల బంగారం ఇచ్చారు, జబ్బు పడితే మరో వంద. వారి భాషలోనే రాసిన అంగీకార పత్రం మీద సంతకాలు తీసుకోవడం ఆ కాలానికి కొత్త. ఫిన్లే సైనికుల విషయంలో అటువంటి పత్రాలు లేవు. ఎలాగూ ఆ ఊళ్లో ఆ జబ్బు తప్పదని ఇద్దరూ సమర్థించుకున్నారు. డబ్బు అవసరం ఉన్నవాడి సంతకానికి ఎంత స్వేచ్ఛ ఉంటుందన్న ప్రశ్న రీడ్‌కూ తప్పదు, ఆజ్ఞలకు అలవాటుపడిన సైనికుడి సమ్మతి ఎలాంటిదన్న ప్రశ్న ఫిన్లేకూ తప్పదు. ఇద్దరినీ గౌరవిస్తూనే ఈ మాట అనుకోవాలి.

ఇక ఆచరణ. హవానా ఆరోగ్యాధికారి విలియం గోర్గస్ అంతకుముందే వీధులు ఊడ్పించి, మురుగు ఎత్తించి నగరాన్ని శుభ్రం చేశారు. అయినా 1900లో 300 మందికి పైగా పచ్చజ్వరంతో చనిపోయారు. చెడుగాలి సిద్ధాంతానికి ఇంతకు మించిన ఖండన అక్కర్లేదు. 1901 ఫిబ్రవరి నుంచి ఆయన లక్ష్యం మారింది: ఇంటింటా తొట్లకు, పీపాలకు మూతలు, మూత వేయలేని నీటి మీద కిరోసిన్, రోగి చుట్టూ దోమతెర, గదికి పొగ. సెప్టెంబరు చివరికి హవానాలో ఆ జబ్బు ఆగిపోయింది. దోమల పుట్టుకను అరికట్టాలని, రోగిని దోమకు అందకుండా ఉంచాలని ఫిన్లే 1898లోనే రాసి ఉన్నారు. గోర్గస్ ఇదే పద్ధతిని పనామా కాలువ దగ్గర అమలు చేశారు.

భారతదేశానికి పచ్చజ్వరం ఎన్నడూ రాలేదు. అందుకే ఆ జబ్బున్న ఆఫ్రికా దేశాలకు వెళ్లివచ్చే తెలుగువారు టీకా వేయించుకున్నట్టు పసుపురంగు పుస్తకం చూపాలి. కానీ ఫిన్లే గొట్టంలోని ఆ దోమ మన ఇళ్లలో ఉంది. పగలు కుట్టి డెంగీ, చికెన్‌గున్యా తెచ్చేది అదే. వారానికోసారి డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల కింది పళ్లాలు ఒంపేయమని ఆరోగ్య కార్యకర్తలు చెప్పే ‘డ్రైడే’ వెనుక ఉన్న లెక్క, గుడ్డు దోమగా మారడానికి వారం పైచిలుకు పడుతుందన్నదే.

మరి ఘనత ఎవరిది? మూడో వాహకం ఉందన్న ఆలోచన, అది ఫలానా దోమే అన్న గుర్తింపు పూర్తిగా ఫిన్లేవి. ఆ సిద్ధాంతపు ఘనత ఆయనదేనని రీడ్ స్వయంగా రాశారు. నిరూపణ రీడ్ బృందానిది, అందులోనూ ప్రాణం పెట్టిన లాజియర్‌ది. పన్నెండు రోజుల రహస్యం కార్టర్‌ది. ఇంత స్పష్టంగా విడదీయగలిగిన దాన్ని అంతకాలం ముడివేసి ఉంచినది రాజకీయం అనే నా అభిప్రాయం. 1902లో స్వతంత్రమైన క్యూబా మీద అమెరికా రుద్దిన ప్లాట్ సవరణ అనే షరతుల జాబితాలోని ఐదో అంశం, అంటువ్యాధులు రాకుండా నగరాలను శుభ్రంగా ఉంచే బాధ్యతను ఆ దేశం మీద పెట్టింది. పచ్చజ్వరం తిరిగి వస్తే అది సైనిక జోక్యానికి సాకు కావచ్చు. అటువంటప్పుడు దోమను కనిపెట్టింది ఎవరన్నది శాస్త్రప్రశ్నగా మిగలదు. తమను తాము చూసుకోగల జాతి అవునా కాదా అన్న ప్రశ్న అవుతుంది. ఫిన్లేను నోబెల్‌కు ఏడుసార్లు ప్రతిపాదించారు, రాలేదు. 1905లో తొలిసారి ప్రతిపాదించినవారు రొనాల్డ్ రాస్; 1897 ఆగస్టు 20న సికిందరాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినది ఆయనే. తన కంటే పదహారేళ్ల ముందే దోమను అనుమానించిన మనిషి విలువ ఆయనకు తెలుసు.

కొత్త రిపబ్లిక్ ఫిన్లేను దేశ ఆరోగ్యశాఖకు అధిపతిని చేసింది. దాదాపు 69 ఏళ్ల వయసులో ఆ బాధ్యత తీసుకుని 1909 వరకు మోశారు. 1905లో పచ్చజ్వరం మళ్లీ తలెత్తినప్పుడు దాన్ని ఎదుర్కొన్నదీ ఆయన శాఖే. ఆ పదవిలో ఆయన చేసిన ఒక పని గురించి చాలా తక్కువ మంది చెప్పుకుంటారు. పుట్టిన వారం రోజుల్లో ధనుర్వాతంతో దవడలు బిగుసుకుని చనిపోయే పసిపిల్లలు అప్పటి క్యూబాలో లెక్కకు మిక్కిలి. 1903లో ఆయన మంత్రసానులు బొడ్డుతాడును దేనితో కడుతున్నారో ఆరా తీశారు. చాలాచోట్ల అది కొవ్వొత్తి వత్తి చేసే నూలుదారం, దుకాణంలో దుమ్ములో పడి ఉండేది. పరీక్షిస్తే అందులో ధనుర్వాత క్రిమి కనబడింది. క్రిమిరహితం చేసిన దారం, గుడ్డ చిన్న పొట్లాలుగా కట్టించి మంత్రసానులకు ఉచితంగా పంచే ఏర్పాటు చేశారు. ఫిన్లే 1915 ఆగస్టులో హవానాలో చనిపోయే నాటికి, ఆ జబ్బుతో పోయే పసిబిడ్డల సంఖ్య బాగా తగ్గింది.